తిత్తి

నలభై మిరప బస్తాలు.
ఎనుమాముల గేటు మూసేలోపు చేరాలె.
కాజీపేట బ్రిడ్జి నడిమిట్ల
బండి ఆగింది.

వెనక హన్మకొండ బస్సు హారన్,
దాని వెనక ఆటోలు, దాని వెనక ఇంకేందో.
కింద ప్యాసింజరు తాపీగ పోతాంది,
నన్ను జూసే కూత పెట్టిందనిపిచ్చింది.
ఫస్టు గేరు. క్లచ్చు మాడిన వాసన.
కొంగు మూతికి అడ్డం పెట్టుకున్న ముసలామె
నడుసుకుంట నన్ను దాటి పోయింది,
ఒక్కపారి కూడ తిరిగి సూడలే.
గా రోజే అనుకున్న.

ఆటోనగర్ల యాకూబ్ భాయ్ షెడ్డు.
గ్రీసు పట్టిన గోనెసంచి మీద
రెండింటిని పెట్టిండు నా ముంగట,
అంగట్ల కోళ్లను పెట్టినట్టు.

"ఇది టర్బో. పొగ మీద బతుకుతది చారీ.
ఇంజను ఊసిన పొగే దీనికి కూడు,
పైసా అడుగది.
గని పొగ రావాలె గద,
చక్రం తిరగాలె, ఊపందుకోవాలె,
అప్పుడు లేస్తది.
ఇగ ఇది బెల్టుది.
ఇంజను మెడకే తాడేసుకొని తిరుగుతది,
తినేది ఇంజను బలమే,
తిన్నదానికి ఎక్కువ జేసి మళ్ల దానికే ఇస్తది.
డీజిలు తాగుతది.
తేనెపట్టు కదిలిచ్చినట్టు మోత.
కాలు పెట్టంగనే ఉంటది, అంతే."

మొదటిది నత్తగుల్ల లెక్క చేతుల కూసుంది.
రెండోది బరువు. మోకాలు మీద పెట్టుకొని
లోపలికి తొంగి సూసిన:
రెండు ఇనుప రెక్కలు,
ఒకదాన్నొకటి పెనవేసుకున్నయి,
వెంట్రుకంత సందు,
తాకితే రెండూ ఖతం.
పాత నూనె వాసన.
ఎవరి బండిదో, ఎక్కడ బోర్ల పడ్డదో
నేను అడుగలే, భాయ్ చెప్పలే.

గప్పుడు యాదికొచ్చింది మా నాయనమ్మ.
సుత్తె తాతది, పేరు తాతది.
తిత్తి ఆమెది.
నాగలి కర్రు కాలాలంటే
బొగ్గొక్కటే చాలదు, గాలి గావాలె,
గని ఎప్పుడు గావాల్నో తాత చెప్పేది లేదు,
ఇనుము రంగు జూసి ఆమెకే ఎరుక.
నిప్పు సోలుతుందనంగ ఒక్క తోపు.
ఆమె జాకెట్టు కుడి చెయ్యి కాడనే
ఎప్పుడు కుట్లు పిగిలేటివి.
ఎడమ చెయ్యి మామూలు మనిషిది.

"నవ్వుతున్నవేంది?"
"ఏం లేదు భాయ్."

"బానెట్టు మూత పడది, కోసుడే.
రేడియేటరు పెద్దది ఎయ్యాలె.
గాస్కెటు కొట్టిందనుకో, నన్ను తిట్టకు.
ఆర్టీవో సారు ఆపితే
యాకూబ్ ఎవడో నీకు తెల్వదు."

ఫోను జేసిన కోమలకు.
మార్కెట్ల తాలు కాయ ఏరుతాంది,
మాట మధ్యల దగ్గు.
"ముప్పై ఎనిమిది వేలా?
ఇరవై బస్తాలే ఎయ్యి.
రెండు తిప్పలు తిరుగు.
అదే ఎక్కుతది నీ బ్రిడ్జి."
ఆమె లెక్క తప్పు గాదు.
తప్పు గాదని నాకు అప్పుడే తెలుసు,
ఇప్పటికీ తెలుసు.

"ఏది మరి?" భాయ్ చెయ్యి తుడుసుకుంటుండు.
"ఉరికేటప్పుడొచ్చే బలం
నాకెందుకు భాయ్,
ఉరికేది నేను గాదు.
ఆగిపోయిన కాడ గావాలె."
బెల్టుదాని మీద చెయ్యేసిన.
ఐదు వేలు అడ్వాన్సు,
మూడు కొత్త నోట్లు, మిగతయి మిరప పొడి అంటినయి.
లెక్కపెట్టుకుంట రెండుసార్లు తుమ్మిండు.

రాత్రి పదకొండు దాటింది.
ఖాళీ బండి, మళ్ల అదే బ్రిడ్జి.
నడిమిట్ల నేనే ఆపిన.
కింద పట్టాలు మెరుస్తున్నయి, రైలు లేదు.
బ్రేకు మీద కాలు,
ఇంజను గొంతు ఇంటాన్న:
పల్చటి గాలి, ఉన్నంతల పీల్చుకుంట
ఇరవై ఏండ్ల సంది ఇట్లనే.

క్లచ్చు వదిలిన. లేసింది.
ఖాళీ బండి గద, ఎందుకు లెవ్వది.

వెనక ఎవ్వలు లేరు.
హారన్ నేనే కొట్టుకున్న.